కంపెనీ, కుంఫిణీ, ఓ రొట్టెముక్క

అమెరికాలో ఇద్దరు తెలుగువాళ్ళు కొత్తగా కలిస్తే మొదటి ప్రశ్న "మీదే ఊరండీ?". రెండోది "వచ్చి ఎన్నాళ్ళయింది?". మూడోది "ఏ కంపెనీ?". ఆ మూడోదానికి మనం చెప్పే జవాబుని బట్టి అవతలివాళ్ళ మొహం మారుతుంది. పేరున్న కంపెనీ అయితే ఒకలా, ఎవరూ వినని కన్సల్టెన్సీ అయితే ఇంకోలా. "ప్రస్తుతానికి ఖాళీయేనండీ" అంటే మాత్రం మాటలు చటుక్కున వాతావరణం మీదకి మళ్ళిపోతాయి.

నేను చదివింది ఇంజనీరింగు, భాషాశాస్త్రం కాదు. కానీ ఆఫీసులో ప్రోగ్రాం బిల్డ్ అయ్యేదాకా ఖాళీగా కూర్చోలేక నిఘంటువులు తిరగేసే అలవాటొకటి ఉంది. అలా కొన్ని వారాలుగా ఈ 'కంపెనీ' అన్న మాట వెంట పడ్డాను. తీగ లాగితే మా ఊరి పొలిమేర దాకా వచ్చింది.

ముందు మన వాడకం చూడండి. మన ఊళ్ళలో ఈ మాట చేసే చాకిరీ ఇంగ్లీషువాళ్ళ దగ్గర కూడా చేసి ఉండదు. మిక్సీ కొంటే "కంపెనీదేనా?" అని అడుగుతాం. ఎవరో ఒక కంపెనీవాళ్ళు చేస్తేనే కదా అది మిక్సీ అయింది! అయినా మన లెక్కలో 'కంపెనీది' అంటే అసలు సరుకు, 'లోకల్' అంటే నమ్మరానిది. సర్కస్ కంపెనీ, నాటకాల కంపెనీ, సోడా కంపెనీ, బీడీల కంపెనీ సరేసరి. రాంగోపాల్ వర్మ 2002లో ముంబయి మాఫియా మీద హిందీ సినిమా తీసి దానికి 'కంపెనీ' అనే పేరు పెట్టాడు. సాయంత్రం గ్లాసు ముందు పెట్టుకున్నాయన "నువ్వు తాగకపోతే పోన్లే, కూర్చుని కంపెనీ ఇవ్వు" అంటాడు. ఇంగ్లీషువాళ్ళు కంపెనీని 'కీప్' చేస్తారు. దాన్ని ఇవ్వడం, పుచ్చుకోవడం మన దేశంవాళ్ళ చేర్పు. నాకైతే మన క్రియే బాగుంటుంది.

మనకి పెద్దగా అలవాటు కాని అర్థం ఒకటుంది. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు పక్కింటి ముసలావిడతో సైగలతోనే స్నేహం కలిపింది. ఒకరోజు లోపలికొచ్చి, "ఆవిడకి సొంత కంపెనీ ఉందిటరా, చూస్తే అలా కనపడదు" అంది. ఆవిడ చెప్పింది ఆ సాయంత్రం తమకి 'కంపెనీ' ఉందని. అంటే ఇంటికి చుట్టాలొస్తున్నారని. భోజనానికి వచ్చే చుట్టాలు, వంద మంది సిపాయిల దళం, ఓడ మీద కళాసీలు, లక్ష మందికి జీతాలిచ్చే సంస్థ, సావాసం. వీటన్నిటికీ ఒకటే మాట ఎలా సరిపోయింది?

సమాధానం వంటింట్లో ఉంది. లాటిన్‌లో 'కుమ్' అంటే తో, కలిసి. 'పానిస్' అంటే రొట్టె. మనం 'పావ్ భాజీ'లో తినే పావ్ కూడా పోర్చుగీసువారి ద్వారా వచ్చిన అదే రొట్టె. ఈ రెండూ కలిపితే 'కంపానియో', ఒకే రొట్టెని పంచుకు తినేవాడు. ఈ మాట తొలిసారి కనపడేది సుమారు 6వ శతాబ్దపు ఫ్రాంకుల చట్టంలో, సాలిక్ చట్టం అంటారు దాన్ని. ఇది లాటిన్‌వాళ్ళ సొంత ఊహ కాదని, జర్మానిక్ సిపాయిల మాటకి మక్కీకి మక్కీ అనువాదమని పండితుల అభిప్రాయం. గాథిక్ భాషలో తోటి సైనికుణ్ణి 'గహ్లైబ' అనేవారు. 'గ' అంటే కలిసి, 'హ్లైఫ్స్' అంటే రొట్టె. ఇంగ్లీషు 'లోఫ్' దాని తోబుట్టువే. యుద్ధంలో పక్కన నిలబడేవాడికి ఇంతకన్నా నిజమైన పేరు ఉండదేమో. రొట్టెముక్క సగం ఇచ్చినవాడే కత్తి కూడా అడ్డం పెడతాడు.

రొట్టె అక్కడితో ఆగలేదు. 'లార్డ్' అన్న మాట పాత ఇంగ్లీషులో 'హ్లాఫ్‌వేర్డ్', రొట్టెల కాపలాదారు. 'లేడీ' అంటే పిండి పిసికే ఆవిడ. మన పూర్వీకులు చేతులు కట్టుకుని 'దొరగారూ', 'దొరసానిగారూ' అని పిలిచినవాళ్ళ బిరుదులు ఇవీ.

కంపెనీకి ఇంగ్లీషులో పర్యాయపదాలు బోలెడు. 'ఫర్మ్' అంటే మొదట సంతకం; ఇటలీ వర్తకులు కాగితం మీద పెట్టే సంతకం పేరే వ్యాపారం పేరయింది. 'కార్పొరేషన్' అంటే శరీరం ధరించినది. 'బిజినెస్' అంటే తీరిక లేకపోవడం. జర్మన్లు వాడే 'గెజెల్‌షాఫ్ట్' ఒకే చావట్లో ఉండేవాళ్ళని చెబుతుంది. తిండి ఉన్నది మాత్రం ఒక్క కంపెనీలోనే.

తెలుగులో దీనికి దగ్గరి చుట్టం 'పొత్తు'. ఇప్పుడది ఎన్నికల ముందు పార్టీలు పెట్టుకుని, తరవాత తెంచుకునేదిగా మిగిలింది కానీ, పాత తెలుగులో పొత్తు అంటే కలిసి భోంచేయడం కూడా. పంక్తి నుంచి వచ్చిన 'బంతి' ఇంకొకటి. కాకపోతే మన దేశంలో ఎవరి పక్కన కూర్చుని తినవచ్చు, ఎవరి పక్కన కూడదు అన్నదే అన్నిటికన్నా గట్టి కట్టుబాటు. అందుకేనేమో, వ్యాపారంలో కలిసినవాళ్ళకి మనవాళ్ళు బంతి పేరు పెట్టలేదు. కాకతీయుల కాలం శాసనాల్లో వర్తక సంఘాలకి 'నకరం' అనీ, 'పెక్కండ్రు' అనీ పేర్లు కనిపిస్తాయి. స్వదేశి, పరదేశి, నానాదేశి పెక్కండ్రు! పెక్కండ్రు అంటే ఏముంది, చాలామంది అనే. నాకు ఈ మాట మీద చెప్పలేనంత ఇష్టం. దాన్ని ఏకవచనంలో వాడదామన్నా కుదరదు. గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం ఇలాంటి సముద్ర వర్తకుల కోసమే. తుఫానుకి ఓడ ఒడ్డెక్కితే అందులో సరుకు రాజుగారు లాక్కోరు, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటారు అని ఆ రాతిమీద హామీ.

ఐరోపాలో మాత్రం రొట్టె పంచుకునేవాళ్ళు ఒక వంక సైన్యంలో దళమయ్యారు, ఇంకో వంక ఊళ్ళలో వృత్తి సంఘాలయ్యారు. 1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి లండన్ వర్తకుల గుంపుకి ఒక పట్టా ఇచ్చింది. తూర్పు ఇండియా దీవులతో వ్యాపారం చేసే లండన్ వర్తకుల గవర్నరూ, కంపెనీ అని వాళ్ళ పూర్తి పేరు. అప్పటికింకా ఆ పేరులో పాత అర్థం కొంచెం బతికే ఉంది. ఒక్కో ప్రయాణానికి కొంతమంది కలిసి డబ్బు వేసుకునేవారు. ఓడ తిరిగొస్తే సరుకు అమ్మి ఎవరి వాటా వాళ్ళు పంచుకునేవారు. లెక్క చూసుకుని లేచిపోవడమే. అలాంటి ఏడో ప్రయాణంలో వచ్చిన 'గ్లోబ్' అనే ఓడ 1611లో మచిలీపట్నం చేరింది. డచ్చివాళ్ళు అప్పటికే అక్కడ కొట్టు పెట్టుకుని కూర్చున్నారు. తెలుగు తీరానికి ఇంగ్లీషు కంపెనీ రావడం అదే మొదలు. గోల్కొండ సుల్తాను 1632లో ఇచ్చిన బంగారు ఫర్మానాతో ఏడాదికి 500 వరహాలు కట్టి ఆయన రేవులన్నిటిలో వ్యాపారం చేసుకునే వీలు దొరికింది.

1657లో వాళ్ళు పద్ధతి మార్చారు. ఎప్పటికీ కదలని ఒకే మూలధనం పెట్టారు. వాటాదారుడు ఓడ చూడక్కర్లేదు, తోటి వాటాదారుడి మొహం చూడక్కర్లేదు, కాగితం కొనుక్కుంటే చాలు. చరిత్ర పుస్తకాలు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి గానీ, నా దృష్టిలో కంపెనీ అన్న మాటలోంచి భోజనాల బల్ల తీసేసింది ఇక్కడే.

మా ఊరి సంగతి. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. పక్కనే గోదావరి ఒడ్డున మాధవాయిపాలెం. ఇంగ్లీషువాళ్ళు దాన్ని 'మడపోలం' అన్నారు. ఇంగ్లీషు నిఘంటువులో మడపోలం కోసం చూస్తే, ఒకరకం మెత్తటి నూలుగుడ్డ అని ఉంటుంది. ఆ గుడ్డ ఇక్కడినుంచి వెళ్ళినదే. అటు యానాం దగ్గర ఇంజరంలోనూ, ఇటు మాధవాయిపాలెంలోనూ కుంఫిణీవారికి 'ఫ్యాక్టరీలు' ఉండేవి. ఫ్యాక్టరీ అనగానే పొగగొట్టం ఊహించుకోకండి. 'ఫ్యాక్టర్' అంటే ఏజెంటు; ఏజెంటు ఉండే గిడ్డంగే ఫ్యాక్టరీ. నేతంతా పల్లెల్లో, సాలెవాళ్ళ ఇళ్ళలోనే. ఏజెంటు ముందుగా డబ్బిచ్చేవాడు. ఆ డబ్బు తీసుకున్న నేతగాడు బాకీ తీరేదాకా ఇంకొకరికి నేయకూడదు. గుడ్డ నాసిగా ఉందని ఏజెంటు అంటే అంతే, ధర వాడు చెప్పిందే.

ఇక్కడ ఒకటి చెప్పాలి. మా అమ్మమ్మ లేసు అల్లేది. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళు చాలామంది అల్లేవారు, ఇప్పటికీ అల్లేవాళ్ళున్నారు. ఏజెంటు వచ్చి దారపు ఉండలిచ్చి, తూకం వేసి, అల్లిన లేసు పట్టుకెళ్ళేవాడు. అది ఏ దేశం వెళ్ళేదో అమ్మమ్మకి తెలియదు. ఎవరికి అల్లుతున్నావే అంటే "లేసు కంపెనీకి" అనేది. ఆ కంపెనీ ఎక్కడుందో చూడలేదు, ఏజెంటునే చూసింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఈ నరసాపురం లేసు మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. రోజంతా అల్లే ఈ ఆడవాళ్ళని ఎవరూ కార్మికులు అనరు, గృహిణులు అంటారు, అందుకే కూలీ అంత తక్కువ అని ఆవిడ వాదన. ఒక్క పేరు మారిస్తే కూలీ తగ్గుతుందన్నమాట. పర్యాయపదాలు ఊరికే ఉండవు.

కుంఫిణీ అని ఇందాక రాశాను కదా. మన పూర్వీకులు పలికిన తీరు అది. 1759లో ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి బందరు కోట పట్టుకున్నాక, 1765లో మొఘలు ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం అయ్యాక ఉత్తర సర్కారులు కుంఫిణీ చేతికొచ్చాయి. 1800లో దత్త మండలాలు. మద్రాసు నుంచి కాశీకి పోయి వచ్చి, ఆ విశేషాలన్నీ రాసిన ఏనుగుల వీరాస్వామయ్య పుస్తకం 1838లో అచ్చయింది. అందులో ఈ మాట అడుగడుగునా ఎంత మామూలుగా వస్తుందో! నదులూ, కొండలూ, కుంఫిణీవారూ. ఒక వ్యాపార సంస్థ పన్నులు వసూలు చేయడం, కచేరీలు నడపడం, ఉరితీయడం వింత అని ఆ కాలానికి ఎవరికీ తోచలేదు. ఇప్పుడు కుంఫిణీ అన్న మాట పాఠ్యపుస్తకాల్లోనూ చారిత్రక నవలల్లోనూ మిగిలింది. కంపెనీ అని మళ్ళీ ఇంగ్లీషులోంచి ఇంకోసారి తెచ్చుకున్నాం. ఒకే మాట మన ఇంట్లోకి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి వచ్చినదాన్ని శత్రువుగా పాఠంలో చదువుకున్నాం. రెండోసారి వచ్చినదానికి రెజ్యూమే పంపుకున్నాం. రెండూ ఒకటేనని మామూలుగా ఎవరికీ తట్టదు.

1832-33, నందన నామ సంవత్సరం. గుంటూరు జిల్లాలో వచ్చిన కరువుని ఇప్పటికీ డొక్కల కరువు అంటారు. డొక్కలు తేలిన మనుషులు బందరు దారి, మద్రాసు దారి పట్టి, దారిలోనే పడిపోయారు. దాదాపు అయిదు లక్షల మంది ఉన్న జిల్లాలో కనీసం మూడో వంతు పోయారని అంచనాలు. పాలిస్తున్నది రొట్టె పంచుకునేవాళ్ళు అని పేరు పెట్టుకున్న సంస్థ.

సరిగ్గా 1833లో లండన్ పార్లమెంటు కుంఫిణీ పట్టాని మార్చింది. ఇకనుంచి వ్యాపారం కట్టిపెట్టి పరిపాలన మాత్రమే చేయాలంది. మరి వ్యాపారమే లేకపోతే వాటాదారులకి లాభం ఎక్కడినుంచి? దానికీ ఏర్పాటుంది. ఏడాదికి నూటికి పదిన్నర చొప్పున డివిడెండు, ఇండియా పన్నుల ఆదాయంలోంచి. 60 లక్షల పౌన్ల మూలధనం మీద అది ఏటా 6 లక్షల 30 వేల పౌన్లు. వర్షం పడ్డా పడకపోయినా. 1857 తిరుగుబాటు తరవాత 1858లో పరిపాలన రాణి చేతికి పోయింది గానీ, కుంఫిణీ చచ్చిపోలేదు. చేయడానికి పనేమీ లేకుండానే డివిడెండు కోసం ఇంకో 16 ఏళ్ళు కాగితం మీద బతికి, 1874 జూన్ 1న రద్దయింది. ఆ పట్టిక ముందు పెట్టుకుని కూర్చుంటే నాకు కరువు లెక్కల కన్నా ఈ పదిన్నర శాతమే ఎక్కువసేపు గొంతులో అడ్డం పడింది.

ఆ తరవాత కథంతా చట్టానిది, త్వరగా చెప్పేస్తాను. ఇంగ్లండులో 1855లో పరిమిత బాధ్యత చట్టం వచ్చింది, మన 'లిమిటెడ్' అదే. 1896లో సాలమన్ అనే బూట్ల వ్యాపారి కేసు. అప్పటి చట్టం ప్రకారం కంపెనీకి కనీసం ఏడుగురు ఉండాలి. ఈయన తనూ, భార్యా, అయిదుగురు పిల్లలూ కలిపి ఏడుగురయ్యారు. వాళ్ళందరికీ తలా ఒక షేరు, తనకి 20,001. కంపెనీ దివాలా తీసింది. హౌస్ ఆఫ్ లార్డ్స్, అంటే మన రొట్టెల కాపలాదారులు, చెప్పిన తీర్పు ఏమిటంటే కంపెనీ వేరు, సాలమన్ వేరు, దాని అప్పులకి ఈయన పూచీ లేదని. చిత్రమేమిటంటే, రొట్టె పంచుకు తినేవాళ్ళే ఆ ఏడుగురూ. మన దేశంలో 2013 కంపెనీల చట్టం ఇంకో అడుగు వేసి 'ఏక వ్యక్తి కంపెనీ'ని కూడా ఒప్పుకుంది. పెక్కండ్రు నుంచి ఏక వ్యక్తి దాకా వచ్చేశాం. ఒక్కడే కూర్చుని తనతో తనే రొట్టె పంచుకోవాలి.

మా ఆఫీసులో శుక్రవారం పొద్దున్న బేగెళ్ళు పెడతారు, ఉచితంగా. వెన్న, చీజు, నాలుగైదు రకాలు. ఈ మాట చరిత్ర తెలిశాక ఆ బల్ల చుట్టూ నిలబడ్డ మమ్మల్ని చూస్తే, నిఘంటువు అర్థానికి మేం ఇంకా కట్టుబడే ఉన్నామనిపించి నవ్వొచ్చేది. కిందటేడు ఒక శుక్రవారం మా టీములో నలుగురికి పొద్దున్నే ఈమెయిల్ వచ్చింది. తొమ్మిదింటికల్లా వాళ్ళ బ్యాడ్జీలు పనిచేయలేదు. అందులో ఒకాయన హెచ్1బి మీద ఉన్న మన తెలుగాయనే, ఇద్దరు పిల్లలు. 2017 నుంచి ఉన్న నిబంధన ప్రకారం ఉద్యోగం పోతే 60 రోజుల గడువు, అంతకన్నా ముందే వీసా గడువు తీరిపోతే అంతవరకే. ఈలోపు ఇంకో కంపెనీ దరఖాస్తు పెట్టాలి, లేదా వీసా తరహా మార్చుకోవాలి, లేదా సర్దుకోవాలి. ఆ రెండు నెలలూ ఆయన తెలుగువాళ్ళ పార్టీలకి రావడం మానేశాడు. ఆ మూడో ప్రశ్న ఉంది కదా. మేమే రెండు మూడుసార్లు వాళ్ళింటికి క్యారేజీ పట్టుకుని వెళ్ళాం. యాభై మూడో రోజున ఇంకోచోట దొరికింది.

గల్ఫులో ఈ మాటకి ఇంకో బరువు. అక్కడ మనవాళ్ళు మనుషుల్ని వీసాతో వేరు చేసి చెప్పుకుంటారు: ఇంటిపని వీసా, ఫ్రీ వీసా, కంపెనీ వీసా. కంపెనీ వీసా అంటే కాస్త నయం, ఉండడానికి క్యాంపూ, పోవడానికి బస్సూ ఉంటాయని. మా పిన్ని కొడుకు కంపెనీ వీసా మీదే వెళ్ళాడు. అయిదో ఏడు కంపెనీకి కాంట్రాక్టులు ఆగిపోయి నాలుగు నెలలు జీతాల్లేవు. క్యాంపు గదిలో ఎనిమిది మంది. మా వాడు కాక తెలుగువాళ్ళు నలుగురు, బెంగాలీలు ఇద్దరు, నేపాలీ ఒకడు. బకాలా కొట్టువాడు బియ్యం, ఉల్లిపాయలు అరువిచ్చాడు. వంట వంతులవారీ. చేపల పులుసు బెంగాలీలది, పప్పు మనవాళ్ళది. ఎవరికి ఇంటినుంచి డబ్బొచ్చినా మెస్ ఖాతాలో పడాల్సిందే. వీడియో కాల్‌లో మాట్లాడుతూ ఫోను గదంతా తిప్పి చూపించాడు. నేల మీద పాత పేపర్లు పరిచి, ఒక పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చున్నారు అందరూ. వెనక కొత్త మొహం ఒకటి కనపడితే, "ఆయనెవర్రా?" అన్నాను.

"పక్క క్యాంపాయన, అన్నయ్యా. వాళ్ళది మూసేశారు. ఇప్పుడు మా కంపెనీయే" అన్నాడు, అన్నం కలుపుతూ.